కోత ఎక్కడ పెడతారో ముందే చెప్పండి: విశాఖ గుండె వైద్యులకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని కార్డియాలజిస్టులకు, గుండె సర్జన్లకు, మత్తు డాక్టర్లకు నమస్కారం.

నేను గుండె ఆపరేషన్ అయినవాళ్లకు వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టుని. మీరు బాగుచేసి పంపిన మనిషి మంచం దిగి, మెట్లెక్కి, మళ్లీ పనిలో పడేదాకా ఉండే వారాలు నా కళ్లముందు గడుస్తాయి. ఆ వారాల్లో చూసినదాన్నిబట్టి మిమ్మల్ని ఒక్కటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. అత్యవసరం కాని ప్రతి గుండె ఆపరేషన్‌కూ ముందు, కోత ఎక్కడ పెడతారో, అక్కడే ఎందుకో, రొమ్ము ఎముక కోయకుండా చేసే వీలు ఆ మనిషి విషయంలో ఉందో లేదో రోగికి చెప్పండి. ప్రభుత్వ వైద్య సేవ కార్డు మీద వచ్చినా, చేతి డబ్బు కట్టినా ఒకేలా చెప్పండి.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి అలాంటి పద్ధతి ఒకటుందని ఆపరేషన్ అయిపోయాకే తెలుస్తోంది. ఫాలోఅప్‌కి వచ్చి బెంచీ మీద కూర్చున్నప్పుడు పక్కాయన చొక్కా గుండీలు తీసి చూపిస్తాడు. "ఆయనకి కుడిపక్క చిన్న గాటే ఉంది, నాకెందుకమ్మా మెడ కింద్నుంచి పొట్టదాకా కోశారు?" అని నన్నడుగుతారు. చాలాసార్లు దానికి సరైన వైద్య కారణమే ఉంటుంది. మూడు నాలుగు నాళాలు మూసుకుపోయి ఉంటాయి, లేదా రెండు వాల్వులు ఒకేసారి మార్చాల్సి ఉంటుంది. కానీ ఆ కారణం ఆ మనిషి చెవిన పడలేదు. అది నేను ఊహించి చెప్పే మాట కాదు, మీరు చెప్పాల్సింది.

మీకు తెలియని సంగతులు కావు గానీ, ఈ ఉత్తరం రోగుల ఇళ్లలోవాళ్లు కూడా చదువుతారని కాస్త వివరంగా రాస్తున్నాను. మామూలు ఓపెన్ హార్ట్ ఆపరేషన్‌లో ఛాతీ మధ్యలో నిలువుగా కోసి, రొమ్ము ఎముకను రంపంతో రెండుగా చీల్చి పక్కలకు తెరుస్తారు. గుండె మొత్తం సర్జన్ కళ్లెదుట ఉంటుంది. పని అయ్యాక ఆ ఎముకను స్టీలు తీగలతో బిగించి మూస్తారు. 1950ల చివరినుంచి ప్రపంచమంతా స్థిరపడిన దారి ఇది. లక్షలాదిమంది ఈ దారిలోనే బతికి బయటపడ్డారు, ఇప్పటికీ చాలా జబ్బులకి ఇదే మంచి దారి. అయితే ఆ ఎముక అతుక్కోడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది.

చిన్న కోత పద్ధతిలో ఆ ఎముక జోలికి వెళ్లరు, లేదంటే పైభాగం మాత్రం కొంత కోస్తారు. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వుకీ, గుండె పైగదుల మధ్య ఉండే రంధ్రానికీ కుడివైపు పక్కటెముకల సందులో సుమారు 5 నుంచి 8 సెంటీమీటర్ల కోత చాలు. బైపాస్‌కైతే అలాంటిదే ఎడమవైపు పెడతారు. వాల్వుల ఆపరేషన్‌లో, ఆ కాసేపు గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషీన్ గొట్టాలను గజ్జలోని రక్తనాళాల ద్వారా పంపుతారు. సన్నగా పొడవుగా ఉండే పరికరాలతో, చాలాచోట్ల కెమెరా సాయంతో పని చేస్తారు. లోపల జరిగే పని మాత్రం అదే. అదే వాల్వు, అవే కుట్లు. కోత చిన్నదైనంత మాత్రాన ఆపరేషన్ చిన్నదైపోదు. ఈ మాట కూడా రోగికి మీరే చెప్పాలి.

ఇది నిన్నమొన్న పుట్టిన మోజు కూడా కాదు. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో వాసిలీ కొలెసోవ్ అనే సర్జన్ ఎడమ పక్కటెముకల మధ్యనుంచే వెళ్లి, కొట్టుకుంటున్న గుండె మీదే, ఛాతీ లోపలి ధమనిని గుండె రక్తనాళానికి కలిపాడు. మన దేశంలో కూడా ముడుచుకుపోయిన మైట్రల్ వాల్వును పక్కనుంచి వెళ్లి వేలితో తెరిచిన సర్జన్లు ఎందరో ఉన్నారు. వాల్వును బెలూన్‌తో తెరిచే వైద్యం వచ్చాక ఆ అవసరం తగ్గింది. 1990ల మధ్యలో కెమెరాలు, గజ్జలోంచి పంపే గొట్టాలు మెరుగయ్యాక పక్కటెముకల దారి కొత్త ఆపరేషన్లకి తెరుచుకుంది.

ఇప్పుడు నా పని సంగతి చెబుతాను. రొమ్ము ఎముక కోసినవాళ్లకి నేను మొదట నేర్పేది ఏం చేయకూడదో. చేతులు ఊని లేవకూడదు, పక్కకి దొర్లి కాళ్లు కిందకి వేలాడేసి లేవాలి. దగ్గు వస్తే దిండు ఛాతీకి హత్తుకుని దగ్గాలి. 4, 5 కిలోలకి మించి ఎత్తకూడదు. తలుపు గట్టిగా లాగకూడదు, నెట్టకూడదు. బండి నడపకూడదు. ఆఫీసు ఉద్యోగం చేసే మనిషికి ఇవన్నీ ఇబ్బందే గానీ రోజులు గడిచిపోతాయి. సెలవు ఉంటుంది, ఒకటో తారీకున జీతం పడుతుంది, ఇంట్లో కమోడ్ ఉంటుంది.

ఫిషింగ్ హార్బర్లో బోటు మీద పనిచేసే మనిషికి ఇవే మాటలు చెప్పి చూడండి. వల లాగడం రెండు చేతుల పని, మొత్తం ఛాతీ పని. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు ఎలా గట్టెక్కాలో ప్రతి ఇంటికీ ఒక లెక్క ఉంటుంది. ఆపరేషన్ ఆగస్టులో జరిగిందంటే, బోట్లు తిరిగే రోజుల్లో ఆ లెక్క రెండోసారి మొదలవుతుంది. బోటు నడిపే సరంగు ఒకాయన నాకు తెలుసు. ఆయన తన వాల్వు ఆపరేషన్ కొన్ని వారాలు ఆగినా ప్రమాదం లేదని డాక్టరు చెప్పాక, నిషేధం మొదలయ్యే వారానికి తేదీ అడిగి వేయించుకున్నాడు. ఆ సలహా ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. అంత ముందుచూపుతో ఆలోచించగల మనిషికి, "ఎముక కోయకుండా చేస్తే నీకు ఇన్ని వారాలు కలిసిరావచ్చు, ఈ ఇబ్బందులు ఉండొచ్చు" అని చెబితే అర్థం కాదా? ఆయన్ని ఎవరూ అడగలేదు. కోత ఎక్కడ ఉంటుందో ఆయనకి తెలిసింది మెలకువ వచ్చాకే.

పోర్టులో కళాసీలు, పూర్ణా మార్కెట్లో బస్తాలు దించేవాళ్లు, గాజువాక షెడ్లలో వెల్డర్లు, కట్టుబడి పనుల్లో తట్టలు మోసే ఆడవాళ్లు, వీళ్లందరిదీ ఇదే కథ. రెక్కాడితేగానీ డొక్కాడని ఇళ్లకి, మూడు నెలలు రెక్క ఆడించొద్దని చెప్పి పంపుతున్నాం. చాలామంది నెలన్నరకే పనిలోకి వెళ్లిపోతారు. తిట్టి లాభం లేదు. ఇంట్లో బియ్యం అయిపోయాయని చెప్పిన మనిషికి నేనేం జవాబు చెప్పగలను?

అందరికంటే ఎక్కువగా నా మనసులో ఉండిపోయేది చంటిబిడ్డల తల్లులు. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చిపోయి, దాని వెనక కీళ్లజ్వరం వచ్చి, 21 రోజులకోసారి వేయించుకోవాల్సిన పెన్సిలిన్ సూది తెలియకో మధ్యలో మానేసో, ఇరవైల్లోకి వచ్చేసరికి మైట్రల్ వాల్వు పాడై ఆయాసంతో వస్తారు. చాలామందికి ఆ సంగతి కడుపుతో ఉన్నప్పుడే బయటపడుతుంది. పాడేరు వైపునుంచి, సీతంపేట వైపునుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్లనుంచి కేజీహెచ్ పేరు పట్టుకుని ఈ ఊరొస్తారు. 1923 నుంచి ఆ ఆసుపత్రికి ఉన్న పేరు అలాంటిది. ఆపరేషన్ అయ్యాక ఘాట్ రోడ్డు మీద బస్సులో మలుపు మలుపుకీ ఊచ పట్టుకుని ఊగుతూ ఇంటికి వెళ్తారు. వెళ్లాక బోరింగు కొట్టాలి, నీళ్లు మోయాలి. వాటికంటే ముందు బిడ్డ చేతులు చాస్తుంది. పది కిలోల బిడ్డని ఎత్తుకోవద్దు అని నేను చెబుతాను. "ఎన్నాళ్లమ్మా?" అని అడుగుతుంది. చెబుతాను. తలూపుతుంది. ఇంటికెళ్లి ఎత్తుకుంటుంది. ఎత్తుకుంటుందని నాకు తెలుసు, మీకూ తెలుసు. ఎముక సరిగా అతక్కపోయినా, గాయం చీము పట్టినా ఆమె మళ్లీ అంతదూరం ప్రయాణం చేసి మీ దగ్గరికే రావాలి. షుగర్ ఉన్నవాళ్లకీ లావుగా ఉన్నవాళ్లకీ ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

పక్కటెముకల మధ్యనుంచి చేయించుకున్నవాళ్లకి నొప్పే ఉండదని నేను అనను. మొదటి రోజుల్లో అక్కడి నరం నొప్పి గట్టిగానే ఉంటుంది. కొందరికి రొమ్ము కింద తిమ్మిరి నెలలపాటు ఉండిపోతుంది. గజ్జ గాయంలో నీరు చేరిన వాళ్లనీ చూశాను. కానీ వాళ్లకి నేను నేర్పేది ఏం చేయాలో. భుజం తిప్పమంటాను, చెయ్యి పైకెత్తమంటాను, నడక పెంచమంటాను. అతకాల్సిన ఎముక లేదు కాబట్టి కొద్ది వారాల్లోనే బరువుల వైపు వెళ్లగలుగుతాం. మొత్తంమీద రక్తం పోవడం, రక్తం ఎక్కించాల్సి రావడం కూడా తక్కువేనని చాలాచోట్ల తేలింది. ప్రాణాపాయం విషయంలో మాత్రం రెండు పద్ధతులూ దాదాపు ఒకటే. "ఇదైతే బతుకుతావు, అదైతే కష్టం" అని ఎవరైనా అంటే అది అబద్ధం.

ఇక్కడ మీలో కొందరు 2023 నాటి బ్రిటన్ అధ్యయనం గుర్తుచేస్తారని నాకు తెలుసు. అక్కడ మైట్రల్ వాల్వు రిపేరుకి వచ్చిన 330 మందిని చీటీలు వేసినట్టుగా రెండు పద్ధతులకీ పంచి చూశారు. 12 వారాలకి రెండు గుంపుల శారీరక సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఏడాది తర్వాత చూసినా వాల్వు పనితీరు, భద్రత ఒకేలా ఉన్నాయి. "తేడా లేనప్పుడు ఎందుకీ గొడవంతా?" అంటారు. ఆ అధ్యయనాన్ని నేను గౌరవిస్తాను, అందుకే మొత్తం చదివాను. చిన్న కోత వాళ్లు ఆసుపత్రినుంచి ముందుగా ఇంటికి వెళ్లారు. 4 రోజుల్లోపే ఇంటికెళ్లినవాళ్లు వాళ్లలో 33 శాతం ఉంటే, ఎముక కోసినవాళ్లలో 15 శాతం. 6 వారాల దగ్గర ఒంటి కదలికలోనూ వాళ్లే ముందున్నారు. పన్నెండో వారానికి అందరూ ఒకచోటికి చేరారు.

నెల జీతం వచ్చేవాళ్లకి దీని అర్థం తేడా లేదనే. రోజుకూలీకి ఆ మధ్యలో ఉన్న వారాలే తేడా. ఆ వారాల్లోనే అప్పు పుడుతుంది, పిల్ల చదువు ఆగుతుంది, తాకట్టులోకి పుస్తెలు వెళ్తాయి. పన్నెండో వారం దగ్గర కొలిచిన టేపు వీళ్ల నష్టాన్ని కొలవలేదు.

అదే నిజాయితీతో ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ అధ్యయనంలో ఉన్నవి వయసుతో వదులైన వాల్వులు, చేసినవాళ్లు ఆ పనిలో చేయి తిరిగిన సర్జన్లు. మన దగ్గరికి వచ్చే కీళ్లజ్వరం వాల్వులు గట్టిపడి, సున్నం పట్టి, అంటుకుపోయి ఉంటాయి. వాటిని చిన్న సందులోంచి బాగుచేయడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. గజ్జలోని ధమనులు పాడైనవాళ్లకి, గతంలో ఛాతీ ఆపరేషన్ జరిగి లోపల అతుకులు పడ్డవాళ్లకి, ప్రాణం మీదికొచ్చిన అత్యవసర కేసులకి ఈ దారి సాధారణంగా సరిపోదు. మెషీన్ మీద గుండె ఉండే సమయం పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, చిన్న కోత కోసం రిపేరుని వదులుకోకూడదు. సొంత వాల్వు నిలబడితే లోహపు వాల్వుతో వచ్చే జీవితకాలపు రక్తం పలచబరిచే మాత్రలు, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్షలు తప్పుతాయి. పెళ్లయి పిల్లలు కనాల్సిన అమ్మాయికి, సముద్రం మీద రోజూ చేతులు కోసుకునే మనిషికి పైకోత కంటే అదే పెద్ద విషయం. పెద్ద కోతతోనే రిపేరు బాగా కుదురుతుందని మీరనుకుంటే పెద్ద కోతే పెట్టండి. ఎందుకో మాత్రం చెప్పండి.

ఊళ్లో హోర్డింగులు చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది. మచ్చ కనిపించదు, అందం చెడదు, మూడురోజుల్లో ఇంటికి, ఇవే మాటలు. చిన్న కోత అంటే డబ్బున్నవాళ్ల సోకు అనే భావం వీటివల్లే పడిపోయింది. మచ్చ తేలిక విషయమని కాదు. గుండెలో రంధ్రం మూయించుకున్న పెళ్లికాని అమ్మాయిలు మెడదాకా చున్నీ కప్పుకుని నా దగ్గరికి వస్తారు. ఇంట్లోవాళ్లు ఆపరేషన్ సంగతే దాచమంటారు. అది మారాల్సిన బుద్ధే, కానీ మారేలోపు ఆ పిల్ల బతకాలి. అందులో చాలామందికి కాలినుంచి పంపే పరికరంతోనే రంధ్రం మూయొచ్చు. అది కుదరనివాళ్లకి రొమ్ము కింది మడతలోంచి చేసే కోత ఉంది. ఇంకా ఎదగని ఆడపిల్లలకైతే ఆ కోత తర్వాత రొమ్ము ఎదుగుదలని దెబ్బతీయవచ్చు, కాబట్టి చంక వైపునుంచి వెళ్లే సర్జన్లూ ఉన్నారు. ఇంత లోతైన విషయాన్ని "మచ్చ కనబడదు" అనే రెండు ముక్కల్లో ఎలా చెబుతాం?

కాలి గురించి కూడా రాయాలి. బైపాస్ రోగుల ఛాతీ గురించే అందరం మాట్లాడతాం. నా దగ్గర మాత్రం ఎక్కువగా ఏడిపించేది కాలి గాయం. బైపాస్‌లో వాడే రక్తనాళాన్ని (సిరను) కాలినుంచి తీయడానికి మడమ పైనుంచి తొడదాకా కోసిన కాలు వాచి, నీరు కారి, షుగర్ ఉన్నవాళ్లకి నెలల తరబడి మానదు. పొలంలో, ఉప్పునీళ్లలో నిలబడే కాళ్లవి. రెండు మూడు చిన్న గాట్లతో కెమెరా సాయంతో ఆ సిరను తీసే పద్ధతి ఉంది. 2019లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో గుండె ఫలితాలు రెండింట్లోనూ ఒకేలా ఉండి, కాలి గాయాల ఇన్‌ఫెక్షన్ ఈ పద్ధతిలో తగ్గింది. రొమ్ము ఎముక కోయక తప్పని రోగికి కూడా ఈ మేలు అందించొచ్చు. నన్నడిగితే మొదలుపెట్టాల్సింది ఇక్కడే. ఛాతీ కోతలో నేర్పు రావడానికి ఏళ్లు పట్టొచ్చు, దీనికి అంత పట్టదు.

నేర్పు అన్నాను కాబట్టి ఆ మాట కూడా. ఈ పని ఒక్క సర్జన్ చేతిలోనిది కాదు. ఒక ఊపిరితిత్తికి గాలి ఆపి రెండోదాంతోనే ఊపిరి ఆడించగలిగే మత్తు డాక్టరు, అన్నవాహికలోంచి ఎకో (గుండె స్కాన్) చూసేవాళ్లు, గజ్జ గొట్టాల మీద మెషీన్ నడిపే పర్‌ఫ్యూజనిస్టు, అందరూ కలిసి నేర్చుకోవాలి. మొదట్లో ఎక్కువ సమయం పడుతుంది, ఇబ్బందులూ ఎక్కువుంటాయి. అందుకే అందరూ రేపే మొదలుపెట్టండని నేను అడగడం లేదు. తనకి ఆ అనుభవం లేనప్పుడు "ఇది నేను చేయను, ఫలానా డాక్టరు చేస్తారు, వెళ్లి ఒక మాట కనుక్కో" అని చెప్పే సర్జన్ మీద రోగికి గౌరవం పెరుగుతుందే గానీ తగ్గదు. పరికరాల ఖర్చు గురించి మీరు చెప్పేది నేను కాదనను. పొడవాటి పరికరాలు, గజ్జ గొట్టాలు ఖరీదైనవే. వైద్య పరికరాల తయారీ కోసమే 2018లో మన ఊళ్లో మెడ్‌టెక్ జోన్ ప్రారంభమైంది. మీరంతా కలిసి వాళ్లతో ఒకసారి కూర్చుని, మీ చేతికి ఏం కావాలో చెబితే బాగుంటుంది. వైద్య సేవ ట్రస్టుతో ప్యాకేజీలు మాట్లాడేటప్పుడు కూడా, రోగి ఎన్ని వారాలు పని పోగొట్టుకుంటాడో ఆ లెక్క కూడా వాళ్ల ముందు పెట్టండి. మీరు చెబితే వింటారు, నేను చెబితే వినరు.

మీ కేసు షీటులో వృత్తి అని ఒక గడి ఉంటుంది. అందులో ఎక్కువగా కనిపించేవి "కూలీ", "గృహిణి". ఏం మోస్తారు, ఏం లాగుతారు, ఇంట్లో బిడ్డ వయసెంత, నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటారు, ఇల్లు చేరడానికి ఎంత ప్రయాణం అని అడిగి ఆ గడి నింపమని మీ జూనియర్లకి చెప్పండి. రెండు నిమిషాల పని. సంతకం పెట్టించే కాగితం తెలుగులో ఉండాలి, పక్కన ఛాతీ బొమ్మ ఉండాలి, కోత ఎక్కడో ఆ బొమ్మ మీద మీరే పెన్నుతో గీయాలి. కింద మూడు నాలుగు వాక్యాలు రాస్తే చాలు. ఈ మనిషికి చిన్న కోత కుదురుతుందా, కుదరకపోతే ఎందుకు, కుదిరితే ఎవరు చేస్తారు, ఏ పనికి ఎన్ని వారాల తర్వాత వెళ్లొచ్చు. సంతకం పెట్టే ముందురోజు ఆ కాగితం ఇంటివాళ్ల చేతిలో ఉంటే, రాత్రికి చదువుకుని పొద్దున్న అడగాల్సింది అడుగుతారు.

అలాంటి కాగితం ఒకటి ముసాయిదా రాసిపెట్టాను. ఒక పేజీనే. జాలరిపేటలో చదువు అంతగా లేని ఇద్దరు ముగ్గురికి చదివి వినిపించి, అర్థం కాని మాటలు తీసేశాను. వైద్యపరంగా అందులో తప్పులుంటే దిద్దాల్సింది మీరు. మీలో ఎవరు రమ్మన్నా ఓపీ అయ్యాక వచ్చి ఇస్తాను. వచ్చే ఏప్రిల్‌లో వేట ఆగేలోపు అది రెండు మూడు వార్డుల్లోనైనా వాడుకలోకి వస్తే, ఆ నిషేధం రోజుల్లో ఆపరేషన్‌కి వచ్చేవాళ్లకి అందుతుంది.

ఇట్లు,
గుండె రోగులతో పనిచేసే ఒక ఫిజియోథెరపిస్టు,
విశాఖపట్నం